సున్నా ఫైలు

ఆ ఉదయానికి నలభై మూడోసారి "పూర్తిగా ఉచితం" అని చదివింది హైమావతి. చదివి, పరీక్షకోసం వచ్చి ఎదురుగా కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి మణికట్టు వైపు చూసింది. అక్కడున్న నల్ల పట్టీ గుర్రుమంది. ఆయన ఉలిక్కిపడి, "నేనేం నమ్మలేదండీ" అన్నాడు తప్పు చేసి దొరికిపోయినవాడిలా.

"మీరు నమ్మారని కాదండీ. మీ చెయ్యి నమ్మబోయింది. అదే చెప్తోందిది."

ఈ మాట ఆమె రోజుకి పదిసార్లైనా చెప్పాలి. మొదట్లో ఎదుటివాళ్ళు నవ్వితే తనూ నవ్వేది. మూడేళ్ళయ్యాక ఆ ఓపిక పోయింది. కాగితం తిప్పి తరవాతది అందుకుంది. "వంద శాతం భద్రం. ఇప్పటికే లక్షలమంది కుటుంబసభ్యులు మాతో ఉన్నారు. ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు. మీ బహుమతి నాణేలు మీ కోసం ఎదురుచూస్తున్నాయి." పట్టీ మళ్ళీ గుర్రుమంది. హైమావతి గడిలో టిక్కు పెట్టింది.

ఆమె పని చేసే ప్రయోగశాల కాకినాడ రేవు దగ్గర, మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీ మేడ మీద ఉంది. అయిదుగురు మనుషులు, రెండు ఏసీలు, అందులో ఒకటి పనిచెయ్యదు. దాన్ని నడిపే డాక్టర్ ఉమాపతి గారు వైద్య కళాశాలలో శరీరధర్మశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఆయన కనిపెట్టిన సంగతి వినడానికి చాలా చిన్నది. మనిషి ఒక మాటని నమ్మేముందు, బుర్ర "సరే" అనుకోవడానికి రెండు సెకన్ల ముందే, ఒళ్ళు "సరే" అనేస్తుంది. ఊపిరి లిప్తపాటు ఆగుతుంది, అరచెయ్యి వెచ్చబడుతుంది, నాడి ఒక్క దెబ్బ వెనక్కి తగ్గుతుంది. ఆ క్షణానికి ఆయన 'జారు' అని పేరు పెట్టాడు. నాచుపట్టిన మెట్టు మీద కాలు జారడం కింద పడ్డాకే తెలుస్తుందనీ, ఈ పట్టీ కాస్త ముందు చెప్తుందనీ ఆయన అనేవాడు.

పట్టీ జారుని పసిగట్టడమే కాదు, ఫోను తెర మీద కనబడే మాటనీ చెవికి వినబడే మాటనీ కూడా పోల్చుకుంటుంది. మోసపు మాటల కుప్ప ఒకటి దానికి నేర్పారు. ఉచిత క్రిప్టో నాణేలు ఇస్తామని వచ్చే సందేశాల్లోంచి ఏరినవే అందులో సగం. ఒళ్ళు జారుతున్నప్పుడు ఆ మాదిరి మాట ఎదురుగా ఉంటే పట్టీ గుర్రుమంటుంది. అప్పుడు మనిషి బొటనవేలు వెనక్కి తీసుకుంటాడు. ఇంతే దాని పని.

అయితే ఏ తక్కెడకైనా ముందు ముల్లు మధ్యలో నిలబడాలి. ఇంట్లో అమ్మ "పడుకో, పొద్దున్న లేపుతాను" అన్నా ఒళ్ళు జారుతుంది. దానికి పట్టీ మోగకూడదు. అందుకని ఉమాపతి గారు మొదటి ఏడాది అందరినీ పిలిచి, "మీ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనుమానించని మాట ఒకటి పట్టుకురండి" అన్నాడు. ఆ మాటలన్నీ కలిపి 'సున్నా ఫైలు' అన్నారు. ఎవరో మేనత్త మాట తెచ్చారు, ఎవరో చదువు చెప్పిన మాస్టారి మాట తెచ్చారు. హైమావతి తన భర్త మాట తెచ్చింది.

భాస్కరం డయాలసిస్ సెంటర్లో టెక్నీషియన్. ఇరవై రెండేళ్ళుగా కిడ్నీలు పోయినవాళ్ళ చేతులకి సూదులు గుచ్చడమే ఆయన ఉద్యోగం. గుచ్చేముందు ప్రతివాళ్ళకీ ఒకటే చెప్తాడు. "సూది పెద్దదే. మండుతుంది. మూడు లెక్కపెట్టు, తగ్గిపోతుంది. తగ్గకపోతే నన్ను తిట్టు. నేనిక్కడే ఉంటాను." మంట ఉండదని ఒక్కనాడూ అనలేదు. మూడు లెక్కపెట్టేసరికి మంట తగ్గకపోవడమూ ఎన్నడూ జరగలేదు. నాలుగు గంటలసేపు అక్కడక్కడే తిరుగుతూ ఉండేవాడు కూడా.

ఒకరోజు భోజనం క్యారియరు పట్టుకెళ్ళి, హైమావతి ఆ మాటని ఫోన్లో రికార్డు చేసింది. మొగుడు చూసి, "ఏంటే, నా గొంతు మీద అంత ముచ్చటేంటి?" అని మురిసిపోయాడు. ఆమె నవ్వేసి ఊరుకుంది. వినబడ్డ మంచి మాటల్ని సంచిలోని చిన్న నోటుపుస్తకంలో రాసుకోవడం ఆమెకి అలవాటు. అదీ అలాగే రాసుకుంది. ప్రయోగశాలలో వినిపిస్తే యంత్రం ముల్లు సున్నా గీత మీద పడుకుండిపోయింది. "మీ ఆయన మాట బంగారమండీ, మిగతావన్నీ దీన్నిబట్టే సరిచేద్దాం" అన్నాడు ఉమాపతి గారు. ఆ సాయంత్రం హైమావతి జిలేబీ కొనుక్కుని ఇంటికెళ్ళింది. ఎందుకో మాత్రం చెప్పలేదు.

*

శుక్రవారం మధ్యాహ్నం ఆమె సెంటర్‌కి వెళ్ళింది. అక్కడ ఏడుగురు పేషెంట్లకి ఆరు నెలలుగా పట్టీలు కట్టి ఉన్నాయి. ఆ ఆలోచన హైమావతిదే. నాలుగేసి గంటలు చెయ్యి కదపకుండా పడుకుని, రెండో చేత్తో ఫోను చూసుకునేవాళ్ళు వాళ్ళు. మాయ సందేశాలన్నీ వచ్చి వాలేది అక్కడే. వాళ్ళకి మేలు జరుగుతుందనే కట్టించింది.

మూడో మంచం ఖాళీగా ఉంది.

"నూకరత్నం రాలేదా?" అంది భర్తతో.

భాస్కరం గ్లవ్స్ ఊడదీస్తూ తల అడ్డంగా ఊపాడు. "మంగళవారం రాలేదు. ఇవాళా రాలేదు. ఫోన్ చేస్తే కట్ చేసేస్తోంది. ఒంట్లో నీళ్ళెంత చేరుంటాయో ఏంటో. ఆదివారం దాకా ఇలాగే ఉంటే ఊపిరాడదు హైమా. ఆ తర్వాత నేనేం చెయ్యలేను."

నూకరత్నం రేవులో చేపలమ్ముకునే మనిషి. నలభై ఏళ్ళుంటాయి. రెండేళ్ళుగా వారానికి రెండుసార్లు వచ్చి, సెంటరంతా వినబడేలా కబుర్లు చెప్పి వెళ్ళేది. ఆమె అక్క కిడ్నీ ఇస్తానంది. పరీక్షలన్నీ అయ్యాయి. ఆపరేషన్ వచ్చే నెలలో ఉంది.

"ఆవిడ ఇంక రాదులెండి" అన్నాడు నాలుగో మంచం మీది అప్పలస్వామి. కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి మానేసిన మనిషి. "ఆపరేషన్‌కి దాచుకున్నదంతా పోయిందంట. నాదీ కొంత పోయిందిలెండి, అది వేరే సంగతి. ఈ పట్టీలవాళ్ళలో మా నలుగురికి వచ్చిందండి ఆ మెసేజీ."

"పట్టీ మోగలేదా?" అని అడిగింది హైమావతి.

"మోగితే నొక్కుతామేంటండీ? మోగలేదు కాబట్టే నొక్కాం. అది మోగకపోతే మంచిదేనని మీరే కదా చెప్పారు?"

అప్పలస్వామి ఫోను చాపాడు. పున్నమి కాయిన్ అని పైన పసుప్పచ్చ చందమామ బొమ్మ ఉంది. కింద మాటలు చదివింది హైమావతి. వాటిలో వంద శాతమన్న మాట లేదు, లక్షలమంది లేరు, తొందరపెట్టడం లేదు.

"చిన్న చికాకు ఉంటుంది. మీ ఖాతా తెరవడానికి ఒక అనుమతి అడుగుతాం. మూడు లెక్కపెట్టండి, అయిపోతుంది. అవ్వకపోతే మమ్మల్ని తిట్టండి. మేమిక్కడే ఉంటాం. నాణేలు మీవి, ఉచితం."

హైమావతి పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. భాస్కరం ఆమె భుజం మీదుగా వంగి తనూ చదివాడు. చదివి, "ఎవడో మనలాంటివాడే రాసినట్టున్నాడు" అని, అయిదో మంచం దగ్గర మిషను కూస్తే అటు వెళ్ళిపోయాడు. ఆయన పోల్చుకోలేదు. తన మాటని బయటినుంచి ఎప్పుడూ విననివాడికి ఎలా తెలుస్తుంది?

*

"ఆ ఫైలు నేనే ఇచ్చాను" అన్నాడు ఉమాపతి గారు.

ఆయన బల్ల మీద టీ చల్లారి మీగడ కట్టి ఉంది. హైమావతి కూర్చోలేదు.

"ఎవరికిచ్చారు?"

"మనకి డబ్బు పెట్టిన కంపెనీకి. తెలుగు గొంతుల మీద ఏదో పని చేస్తున్నాం, నమూనాలుంటే ఇమ్మన్నారు. మోసపు మాటల కుప్ప అడిగితే ఇవ్వనన్నాను. దానికి మూడు తాళాలున్నాయి, మీకూ తెలుసు. సున్నా ఫైలు అడిగితే..." ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "సున్నాయే కదా అనుకున్నానమ్మా. అందులో ఏముంటుంది, ఇళ్ళల్లో మాటలు! వాళ్ళ దగ్గర్నుంచి ఎవడి చేతికి వెళ్ళిందో ఇప్పుడు వాళ్ళకే తెలీదంటున్నారు. పోలీసులకి రాసిచ్చాను. రాసుకున్నారు."

అవును, ఆయనొక్కడి తప్పా? ఆ ఫైలుకి తాళం వెయ్యాలని ఆ అయిదుగురిలో ఎవరికీ తట్టలేదు. విషం సీసాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసి, మంచినీళ్ళ బిందె గుమ్మంలో వదిలేశారు. మోసగాడికి కావలసింది బిందేనని ఎవరనుకుంటారు? వాడు మోసపు మాటలు నేర్చుకోవాల్సిన పనేముంది, అవి వాడి దగ్గర బోలెడున్నాయి. వాడికి లేనిది నిజం చెప్పేవాడి తీరు. ముందు కాస్త చేదు ఒప్పుకుని, తర్వాత ధైర్యం చెప్పి, చివరికి నేనున్నానని అనడం ఎలాగో భాస్కరం నేర్పాడు. భాస్కరాన్ని వాడికి అప్పజెప్పింది హైమావతి. పైగా ఆ మాదిరి మాటకి నోరు మూసుకోమని పట్టీకి నేర్పింది కూడా ఆవిడే.

"ఒకటే దారుంది" అన్నాడు ఉమాపతి గారు ఆమె వైపు చూడకుండా. "మీ ఆయన మాటని సున్నా ఫైల్లోంచి తీసేసి, మోసపు కుప్పలో పెట్టాలి. ఆ తీరు వినబడితే పట్టీ మోగాలి. లేకపోతే ఈ వారం నలుగురు, వచ్చే వారం ఎంతమందో! మీరు ఊఁ అంటే ఇప్పుడే పెట్టేస్తాను."

"ఇక ఆ వార్డులో ఆయన నోరు విప్పితే ఏడు పట్టీలూ మోగుతాయి సార్."

"మోగుతాయి."

హైమావతి సంచి భుజాన వేసుకుంది. "కిందటిసారి ఆయన్ని అడక్కుండా ఇచ్చాను. ఈసారి అడిగి చెప్తాను" అంది.

*

భాస్కరం పెరట్లో పంపు దగ్గర కూర్చుని యూనిఫాం చొక్కా ఉతుక్కుంటున్నాడు. రక్తం మరకలు వేరేవాళ్ళచేత ఉతికించడం ఆయనకి ఇష్టం లేదు. హైమావతి గుమ్మంలో నిలబడి మొత్తం చెప్పేసింది. రికార్డు చెయ్యడం, ముల్లు పడుకోవడం, జిలేబీ, ఫైలు చేతులు మారడం, పున్నమి కాయిన్, ఏదీ దాచలేదు. చెప్తున్నంతసేపూ ఆయన కాలరుకి సబ్బు రుద్దుతూనే ఉన్నాడు.

"అడిగితే ఇచ్చేవాణ్ణి కదే" అన్నాడు చివరికి. "అడగలేదేం?"

అడగాలన్న ఆలోచనే రాలేదని చెప్తే ఇంకా బాధగా ఉంటుందని ఊరుకుంది. కాని నిజం అదే. ఇంట్లో మనిషి మాట ఇంట్లో సామానే కదా అన్నట్టు పట్టుకుపోయింది. తలుచుకుంటే ఆమెకి సిగ్గు ముంచుకొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"అయినా అది నా మాట కూడా కాదు" అన్నాడు భాస్కరం. "నేను పనిలో చేరినప్పుడు కాంపౌండర్ వెంకన్న గారని ఒకాయన ఉండేవారు. మండదని చెప్పి గుచ్చితే రెండోసారి చెయ్యి చాపరురా అని ఆయనే నేర్పారు. తగ్గకపోతే తిట్టమనడం మాత్రం నాది." కాస్త ఆగి, "ఎవరైనా తిట్టారా ఈ ఇరవై రెండేళ్ళలో? ఒక్కళ్ళు తిట్టలేదు" అన్నాడు.

"మోసపు కుప్పలో పెట్టాలంటున్నారండీ. మీరు వద్దంటే..."

"పెట్టమను."

"రేపట్నించి మీరు మాట్లాడితే అది మోగుతుంది."

"పెట్టమన్నాను కదా హైమా." చొక్కా పిండి దులిపాడు. అదే చొక్కాని రెండోసారి పిండాడు. "అయితే రేపు సూది పట్టుకుని ఏం చెప్పను నేను?"

హైమావతి లోపలికి వెళ్ళి ఉమాపతి గారికి ఫోన్ చేసింది. వంటింట్లో పప్పు మాడిన వాసన వచ్చింది. ఆ పూట ఇద్దరూ మాడిన పప్పే తిన్నారు.

*

శనివారం పొద్దున్నే రేవు వెనకాల నూకరత్నం ఇంటికి వెళ్ళింది హైమావతి. రేకుల పాక ముందు నవారు మంచం మీద, మూడు తలగడలకి చేరగిలబడి కూర్చుని ఉంది నూకరత్నం. మొహం ఉబ్బిపోయింది. పాదాలు వాచి చీలమండలు మాయమయ్యాయి. రెండు మాటలకోసారి ఊపిరి ఎగబీలుస్తోంది. మణికట్టుకి నల్ల పట్టీ అలాగే ఉంది.

"మీరొత్తారని తెలుసండి" అంది. "బాబుగోరు పంపించేరా?"

"నేనే వచ్చాను."

"ఇది మోగలేదండమ్మా." చెయ్యి పైకెత్తి చూపించింది. "నానేం తెలివితక్కువదాన్ని కాదు. ఆరు నెల్లలో ఎన్నొచ్చేయో! సైకిలొచ్చిందన్నారు, బంగారమొచ్చిందన్నారు, ఇది గుర్రుమనేది, నాను తీసవతల పడేసేదాన్ని. ఇది రాగానే బాబుగోరి మాటలా ఉందనిపించింది. మూడు లెక్కెట్టమన్నాడు, లెక్కెట్టేను. తర్వాత సూత్తే ఏం లేదు. తిట్టమన్నాడు కదా అని ఫోన్ జేత్తే ఎవరూ ఎత్తరు. ఎవర్ని తిట్టాలండి నాను? మా అక్క కిడ్నీ ఇత్తానంది, నానేమో దాని కోసం దాసింది సందమామకి ఇచ్చేసేను."

హైమావతి మంచం అంచున కూర్చుంది. "అది ఆయన మాటే నూకరత్నం. నేనే దొంగిలించాను. ఆయనకి చెప్పకుండా రికార్డు చేసి మా ఆఫీసులో పెట్టాను. అక్కణ్ణించి ఆ మోసగాళ్ళకి చేరింది. ఆయన మాటకి మోగొద్దని ఈ పట్టీకి నేర్పిందీ నేనే. ఆయన తప్పేం లేదు."

నూకరత్నం తన మణికట్టు వైపు చూసుకుంది. "అందుకేనండి నాను రానిది" అంది. "ఆ మంచమెక్కితే ఆయన మల్లీ అదే మాటంటారు. ఆ మాటింటే నాకిప్పుడు ఒల్లు మండిపోద్ది. అయినా ఆపరేసనే లేనప్పుడు ఎన్నాల్లు గుచ్చించుకుంటానండి?"

"ఆపరేషన్ సంగతి తర్వాత చూద్దాం. నేనున్నాను కదా..."

పట్టీ గుర్రుమంది.

ఇద్దరూ దాని వైపు చూశారు. ఉమాపతి గారు పని కానిచ్చేశాడు. హైమావతి మళ్ళీ మొదలుపెట్టింది. "మంట కొంచెమే ఉంటుంది, మేమంతా అక్కడే..." గుర్రుమంది. "నామీద నమ్మకం ఉంచి..." గుర్రుమంది. మూడేళ్ళుగా ఇతరుల మాటలకి టిక్కులు పెట్టిన మనిషికి, తను మాట్లాడదామంటే ఒక్క మాట మిగల్లేదు. తన ఫలితాలు తనకే చేదయ్యాయి. అలిసిపోయిన గొంతుతో, ఏమీ ఆలోచించకుండా అంది.

"నమ్మొద్దు. నన్ను నమ్మొద్దు, ఆయన్ని నమ్మొద్దు. ఆపరేషన్ అవుతుందో లేదో నాకు తెలీదు. పోయింది తిరిగొస్తుందని కూడా నేను చెప్పలేను. రేపటికి ఊపిరాడక చచ్చిపోతావు. నమ్మకుండానే రా."

పట్టీ మోగలేదు. నూకరత్నం దాని వైపు ఒకసారి, హైమావతి వైపు ఒకసారి చూసింది.

"ఆటో పిలవండి" అంది. "నడిసే ఓపిక లేదు."

*

శనివారం పూట వేరే పేషెంట్లుంటారు. అయినా భాస్కరం వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలి మూడో మంచం ఖాళీ చేయించాడు. నూకరత్నం వచ్చిందని ఎవరో చెప్తే అప్పలస్వామి తన రోజు కాకపోయినా వచ్చి గుమ్మం పక్క బెంచీ మీద కూర్చున్నాడు. నూకరత్నాన్ని తూకం వేసి చూసి భాస్కరం పెదవి విరిచాడు. చెయ్యి కడిగాడు, స్పిరిట్ రాశాడు, సూది అందుకున్నాడు. అలవాటు కదా, నోరు దానంతటదే తెరుచుకుంది.

"సూది పెద్దదే. మండు..."

నూకరత్నం మణికట్టు గుర్రుమంది. బెంచీ మీద అప్పలస్వామి మణికట్టు కూడా గుర్రుమంది. అప్పలస్వామి దాన్ని రెండో చేత్తో అదిమిపట్టాడు, అలా చేస్తే చప్పుడు ఆగుతుందన్నట్టు.

భాస్కరం ఆగిపోయాడు. ఆయన మొహం హైమావతి చూడలేకపోయింది. ఇరవై రెండేళ్ళు చెప్పిన మాట నోట్లో సగంలో ఉంది. దాన్ని మింగి, ఏమీ అనకుండా వంగి సూది గుచ్చాడు. నూకరత్నం "అమ్మా" అంది. పక్కనే ఉన్న హైమావతి చెయ్యి పట్టుకుంది. రెండేళ్ళలో ఆమె ఆ మంచం మీద అమ్మా అనడం అదే మొదటిసారి.

తర్వాత తనే లెక్కపెట్టడం మొదలెట్టింది, పైకే. "ఒకటి. రెండు. మూడు." ఆగింది. కళ్ళనిండా నీళ్ళున్నాయి. "మూడయింది బాబుగోరూ. మంట తగ్గలేదు."

భాస్కరం సూది చుట్టూ చూశాడు, టేపు సరిచేశాడు. దాచడానికి ఏమీ లేదన్నట్టు నిటారుగా నిలబడ్డాడు.

"తగ్గదు. చెయ్యి వణికింది నాకు. పక్కకి దిగింది సూది. తప్పు నాదే."

పట్టీ మోగలేదు.

నూకరత్నం ఆయన మొహంలోకి చూసింది. "మరి తిట్టనా?"

"తిట్టు."

ఇంక అందుకుంది నూకరత్నం. ఊపిరి చాలక మధ్యమధ్య ఆగుతూ తిట్టింది. ఆయన చేతిని తిట్టింది, ఆ చేతికి అన్నం పెట్టిన ఆవిణ్ణి తిట్టింది, ఇంట్లో మొగుడి మాటల్ని పట్టుకెళ్ళి బజార్లో పెట్టే ఆడదాన్ని ఎక్కడా చూళ్ళేదంది. ఐసు ఫ్యాక్టరీని తిట్టింది, చందమామని తిట్టింది, మూడు లెక్కపెట్టిన తన నోటిని తిట్టుకుంది. రేవులో చేపలమ్మే గొంతు అది, రోడ్డు దాకా వినబడింది. డ్యూటీ డాక్టరు తలుపు తీసి తొంగిచూసి, భాస్కరం సైగ చేస్తే మళ్ళీ మూసేసింది. హైమావతి ఆమె చెయ్యి వదల్లేదు. భాస్కరం సూది సరిచేసి, రెండో సూదీ గుచ్చి, ఎర్ర గొట్టం నీలం గొట్టం తగిలించి, మంచం పక్కనే స్టూలు లాక్కుని కూర్చుని వింటూ ఉన్నాడు. మిషను తిరగడం మొదలైంది.

అరగంటకి నూకరత్నం అలిసిపోయింది. "ఇంకా ఉన్నాయండి" అంది కళ్ళు మూసుకుని. "మంగళారమొచ్చి తిడతాను."

"రా" అన్నాడు భాస్కరం.

హైమావతి చెయ్యి అలవాటు కొద్దీ సంచిలోకి పోయింది. నోటుపుస్తకం వేళ్ళకి తగిలింది. తప్పు నాదేనన్న భర్త మాట ఇంకా చెవుల్లోనే ఉంది. పుస్తకాన్ని అక్కడే వదిలేసి, చెయ్యి బయటికి తీసి, సంచి జిప్పు వేసేసింది.